అలర్జీ ఉండొచ్చనిపించే బిడ్డకు మొదటి టిఫిన్లు: ఏది ముందు, ఏది తర్వాత, ఎలా

ఇంట్లో ఎవరికో ఆస్తమా ఉంది. లేదా పెద్దబాబుకు గుడ్డు పడదు. లేదా పాపాయి బుగ్గలు ఎప్పుడు చూసినా ఎర్రగా, గరుకుగా ఉంటున్నాయి. ఇలాంటి ఇంట్లో ఆరో నెల దగ్గరపడుతోందంటే సంబరం కంటే టెన్షనే ఎక్కువ. చుట్టాలంతా ఒకే మాట చెబుతారు: "ఎందుకొచ్చిన గొడవ, ఏడాది నిండేదాకా గుడ్డు, పల్లీలు పెట్టకండి."

ఆ సలహా మన అమ్మమ్మల దగ్గర పుట్టింది కాదు. అలర్జీ ముప్పున్న పిల్లలకు పాలు ఏడాది దాకా, గుడ్డు రెండేళ్ల దాకా, పల్లీలు, చేప మూడేళ్ల దాకా వద్దని 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘమే చెప్పింది. ఆలస్యం చేస్తే అలర్జీ రాదనడానికి ఆధారం దొరక్క 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఇంకో సంగతి బయటపడింది. బ్రిటన్‌లో పెరిగే యూదుల పిల్లల్లో పల్లీ అలర్జీ, ఇజ్రాయెల్‌లో పెరిగే యూదుల పిల్లల్లో కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ. ఇజ్రాయెల్‌లో ఏడాది నిండకముందే పిల్లలకు పల్లీలతో చేసిన మెత్తటి చిరుతిండి పెడతారు. లండన్‌లో పిల్లల అలర్జీ నిపుణుడు డాక్టర్ గిడియన్ లాక్ బృందం దీని వెంటపడి, తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి, దురదపెట్టే జబ్బు) గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లల మీద అధ్యయనం చేసింది. 2015లో ఫలితం వచ్చింది. ఐదేళ్లు వచ్చేసరికి పల్లీలకు దూరంగా ఉంచిన పిల్లల్లో 17.2 శాతం మందికి పల్లీ అలర్జీ ఉంది. చిన్నప్పటి నుంచీ తిన్నవాళ్లలో అది 3.2 శాతమే.

కాబట్టి ఇప్పుడు చూసుకోవాల్సింది ఎంత ఆలస్యం చేయాలని కాదు, ఏ క్రమంలో పెట్టాలని. హైదరాబాద్‌లో మనకు ఇందులో ఒక సుఖం ఉంది. ఇడ్లీ, పల్లీ చట్నీ, ఉప్మా, పెరుగు, గుడ్డు... పరీక్షించాల్సినవన్నీ పొద్దున వంటింట్లోనే ఉంటాయి. కష్టం కూడా అదే. అన్నీ ఒకే ప్లేటులో కలిసి ఉంటాయి.

ముందు మీ బిడ్డ ఏ కోవలో ఉందో చూసుకోండి

ఒంటినిండా ఎగ్జిమా ఉండి, మందు రాస్తున్నా పదేపదే తిరగబెడుతుంటే, లేదా ఏదైనా తిని ఇప్పటికే దద్దుర్లో వాంతులో అయివుంటే, పల్లీ, గుడ్డు ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకండి. పిల్లల డాక్టర్‌కు చూపించండి. వీలైతే అలర్జీ చూసే పిల్లల డాక్టర్‌కు. ఇలాంటి పిల్లలకు పల్లీని ఆలస్యం చేయకుండా, అవసరమైతే పరీక్ష చేసి, మొదటి డోసు క్లినిక్‌లోనే పెట్టిస్తారు. ఆరో నెల నిండేదాకా ఆగకుండా ముందే మొదలుపెట్టాలా అన్నది కూడా ఆయనే చెప్పాలి. అందుకని మూడున్నర నెలలప్పుడు పద్నాలుగో వారం టీకాలకు వెళ్లినప్పుడే ఈ మాట ఎత్తండి.

మోచేతి మడతల్లోనో మోకాళ్ల వెనకనో కాస్త ఎగ్జిమా ఉంటే ఆరో నెల ప్రాంతంలో ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు.

బిడ్డకు ఏమీ లేదు, నాన్నకు తుమ్ములు, పెద్దనాన్నకు రొయ్యలు పడవు, అంతే అయితే మామూలు బిడ్డకు పెట్టినట్టే పెట్టండి. తల్లిదండ్రుల అలర్జీ కంటే బిడ్డ చర్మమే ఎక్కువ చెబుతుంది. బిడ్డకు అలర్జీ రాకూడదని పాలిచ్చే తల్లి పల్లీలు, గుడ్లు మానేసి చారన్నం మీద బతకాల్సిన పని కూడా లేదు.

తిండి కంటే ముందు చర్మం

తిండి నోట్లోంచి కడుపులోకి వెళితే శరీరం దాన్ని తనదిగా ఒప్పుకోవడం నేర్చుకుంటుంది. అదే తిండి పగిలిన చర్మంలోంచి లోపలికి వెళితే దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకునే ప్రమాదం ఉంది. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో అలర్జీలు ఎక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణమని నిపుణుల అభిప్రాయం.

ఇప్పుడు మన స్నానం సంగతి చూడండి. నువ్వుల నూనెతోనో బాదం నూనెతోనో మర్దన, ఆపైన శనగపిండి, పెసరపిండి కలిపిన సున్నిపిండితో రుద్దుడు, కొన్ని ఇళ్లలో పాలమీగడ కూడా. మంచి చర్మం ఉన్న బిడ్డకు ఇవి ఎలా ఉన్నా, ఎగ్జిమా ఉన్న చర్మం మీద మాత్రం ఇవన్నీ తిండి పదార్థాలే. పైగా పిండి రుద్దితే చర్మం గీసుకుపోతుంది. స్నానం గోరువెచ్చని నీళ్లతో త్వరగా ముగించి, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ దట్టంగా రాయండి. డాక్టర్ ఇచ్చిన పూత మందు భయపడి సగంలో ఆపకండి. ఎర్రదనం తగ్గాకే కొత్త తిండ్లు మొదలుపెడితే ఇంకో లాభం ఉంది. రేపు దద్దురు కనిపిస్తే అది పాతదో కొత్తదో పోల్చుకోవచ్చు.

పల్లీ చట్నీ తిన్న చేత్తో బిడ్డ బుగ్గ నిమరడం కూడా ఇందులోకే వస్తుంది. చేతులు కడుక్కుని ఎత్తుకోమని అందరికీ చెప్పండి. మొదట్లో నొచ్చుకుంటారు, తర్వాత అలవాటవుతుంది.

ఎప్పుడు, ఏ పూట

ప్రపంచ ఆరోగ్య సంస్థ అయినా, మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయినా చెప్పేది ఆరు నెలల వరకు తల్లిపాలే, ఆరు నిండగానే పైతిండి అని. ఆరు దాటి ఏడు, ఎనిమిది దాకా సాగదీయొద్దు. పుట్టినప్పుడు ఒంట్లో ఉన్న ఇనుము నిల్వలు ఆ సమయానికి తరిగిపోతుంటాయి. మెడ నిలబడిందా, ఆనించి కూర్చోబెడితే కూర్చుంటోందా, చెంచా పెడితే నాలుకతో బయటికి తోసేయకుండా ఉంటోందా, ఈ మూడూ చూసుకోండి.

కొత్త తిండి పొద్దున టిఫిన్ పూటే పెట్టాలి. వెంటనే కనిపించే అలర్జీ చాలావరకు నిమిషాల్లో మొదలై రెండు గంటల్లోపు బయటపడుతుంది. ఎనిమిదింటికి పెడితే పదింటిదాకా బిడ్డ మీ కళ్లముందు మేలుకుని ఉంటుంది, డాక్టర్ ఫోన్ ఎత్తుతారు, క్లినిక్‌లు తెరుస్తారు. అదే రాత్రి తొమ్మిదింటికి పెట్టి పడుకోబెడితే ఏం జరుగుతోందో దుప్పటి కింద ఎవరికి తెలుస్తుంది? జ్వరం, జలుబు, విరేచనాలు ఉన్న రోజు, టీకా వేయించిన రోజు, ఆ మర్నాడు కొత్తది వద్దు. ఊరికి బస్సెక్కే పొద్దున అసలే వద్దు.

అన్నప్రాసన రోజు ఏం చేయాలి

మన దగ్గర బిడ్డ నోట్లో పడే మొదటి ముద్ద చాలాసార్లు పాయసం. అందులో పాలు, నెయ్యి, జీడిపప్పు, బెల్లం ఉంటాయి. కొందరు ఉంగరంతో తేనె కూడా నాకిస్తారు. తేనె మాత్రం ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. ఇది అలర్జీ సంగతి కాదు. తేనెలో ఉండగలిగే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పసిపిల్లల పేగుల్లో విషం తయారుచేస్తాయి, కండరాలు చచ్చుబడతాయి.

పాయసం దేవుడికీ పెద్దలకీ పెట్టండి. బిడ్డకు మెత్తగా ఉడికించి మెదిపిన అన్నం, తల్లిపాలతో జారుగా చేసి, వెండి గిన్నెలోనే పెట్టండి. శాస్త్రానికీ లోటు ఉండదు, ఫొటోలకూ లోటు ఉండదు. పదిమంది చుట్టాలు తలా ఒక చెంచా పెట్టే ఆచారం ఉంటే, పెట్టేవాళ్లు మారినా గిన్నె మారకుండా చూసుకోండి.

మొదటి పది రోజులు: జావ, ఉగ్గు

బియ్యం, రాగి, పెసరపప్పు అలర్జీ తెచ్చేది అరుదు. అందుకే పునాది వీటితో. రోజుకొకటి మార్చినా ఫరవాలేదు, కానీ మొదటిసారి దేనికదే విడిగా పెట్టండి.

రాగుల్ని కడిగి ఒక రాత్రి నానబెట్టి, తడిబట్టలో మూటకట్టి మొలకలు రానివ్వండి. ఎండాకాలంలో ఒక రోజులో వస్తాయి, చలికాలంలో ఇంకాస్త పడుతుంది. నీడన ఆరబెట్టి, సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పొడికొట్టి పల్చటి బట్టలో జల్లించాలి. మొలకెత్తిన పిండితో చేసిన జావ గట్టిపడదు. అందుకే తక్కువ నీళ్లలో ఎక్కువ పిండి పట్టి, అదే చిన్న గిన్నెలో బిడ్డకు ఎక్కువ బలం అందుతుంది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది.

ఉగ్గుకు ఒక కప్పు బియ్యానికి పావు కప్పు పెసరపప్పు. కడిగి, బట్ట మీద ఆరబోసి, విడివిడిగా వేయించి, సన్నరవ్వలా పట్టుకోవాలి. రెండు చెంచాల రవ్వను ఒక టీ గ్లాసు నీళ్లలో ముద్ద కట్టకుండా కలిపి, అడుగంటకుండా తిప్పుతూ బాగా ఉడకనివ్వండి. చెంచా వంచితే నీళ్లలా కారిపోకూడదు, మెల్లగా జారాలి. కారిపోతోందంటే బిడ్డ కడుపు నీళ్లతోనే నిండుతుంది. ఉప్పు, పంచదార, బెల్లం ఏడాదిలోపు వద్దు.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది గిర్నీ దగ్గర. మీ కంటే ముందు ఎవరో గోధుమలు పట్టించుకుంటారు, వాళ్ల ముందు ఇంకెవరో శనగపప్పు. మీ రాగిపిండిలో మొదటి గుప్పెడు వాళ్లదే. మామూలు బిడ్డకు దాంతో ఏమీ కాదు. మీరు దేనికి ఏమవుతుందో చూస్తున్న నెల రోజులు మాత్రం ఇంట్లోనే మిక్సీలో కొట్టుకోండి. పల్లీ చట్నీ రుబ్బే జార్ కాకుండా చిన్న జార్ ఒకటి బిడ్డకు విడిగా పెట్టుకోండి. మూత లోపల ఉండే రబ్బరు రింగు తీసి చూడండి, నిన్నటి చట్నీ అక్కడే దాక్కుని ఉంటుంది.

పద్నాలుగు రకాల ధాన్యాలు, పప్పులు, బాదం, జీడిపప్పు కలిపిన ఉగ్గు పొడులు ఇప్పుడు ప్రతి గల్లీలో అమ్ముతున్నారు. ఎంతో ప్రేమగా చేసినవే అయినా మొదటి రెండు నెలలు మీకు పనికిరావు. దద్దురు వస్తే పద్నాలుగింటిలో ఎవరిని పట్టుకుంటారు? అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతం సంగతీ అంతే. అది మంచి తిండే. కానీ అందులో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. ఆ మూడూ విడివిడిగా పడ్డాయని తేలాక నిశ్చింతగా వాడుకోండి.

పల్లీ: అందరూ భయపడేది, ముందు పెట్టాల్సింది

జావ, ఉగ్గు రెండూ ఒంటబట్టాక, అంటే రెండో వారంలోనే పల్లీకి రావచ్చు. గింజగా ఎప్పుడూ పెట్టకూడదు. నాలుగైదేళ్లు వచ్చేదాకా గింజ, పలుకు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. గట్టి పల్లీ ముద్దను చెంచాతో తీసి నోట్లో పెట్టినా అంగిలికి అతుక్కుపోతుంది.

పల్లీల్ని ముందు ఏరండి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి పారేయండి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. మంచివి వేయించి, చల్లారాక అరచేతుల మధ్య నలిపి పొట్టు ఊదేయండి. మిక్సీ ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది, ఆపి ఆపి తిప్పండి. జల్లెడ పట్టాక పైన మిగిలిన రవ్వ మీ చట్నీలోకి, కింద పడిన మెత్తటి పొడి బిడ్డకు.

పెట్టే రోజు ఒక చిన్న గిన్నెలో అర చెంచా పొడి తీసుకుని, బిడ్డకు అలవాటైన వెచ్చటి రాగి జావలో ఉండ లేకుండా కలపండి. చెంచా కొనకు అంటినంత నోట్లో పెట్టండి. గోడ మీది గడియారం చూసి పది నిమిషాలు ఆగండి. పెదవులు, కళ్ల చుట్టూ, మెడ, పొట్ట చూడండి. ఏ మార్పూ లేకపోతే మిగిలింది మామూలు వేగంతో పెట్టేయండి. తర్వాత రెండు గంటలు కనిపెట్టుకుని ఉండండి. స్నానం, నూనె మర్దన ఆ రెండు గంటల్లో వద్దు. వేడికి వచ్చిన ఎర్రదనాన్ని పల్లీ మీదికి నెట్టేస్తాం.

మూడు రోజులు వరుసగా, కొంచెం కొంచెం పెంచుతూ ఇవ్వండి. ఆ మూడు రోజులు ఇంకేమీ కొత్తది వద్దు. మూడో రోజుకు ఏమీ లేకపోతే పల్లీ పడ్డట్టే. ఇక అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. వారంలో మూడుసార్లు, ఒక్కోసారి రెండు టీ చెంచాల మెత్తటి పల్లీ ముద్దకు సరిపడా, జావలోనో నలిపిన ఇడ్లీలోనో కలిపి ఇస్తూనే ఉండాలి. చాలా ఇళ్లలో "హమ్మయ్య, పడింది" అనుకుని నెల రోజులు మర్చిపోతారు. ఒకసారి నాకించి వదిలేస్తే లాభం లేదు. 640 మంది పిల్లల అధ్యయనంలో పనిచేసింది వారం వారం మానకుండా పెట్టడమే.

గుడ్డు

తినే ఇంట్లోనే ఈ మాట. శాకాహారులు అలర్జీ భయంతో గుడ్డు అలవాటు చేసుకోనక్కర్లేదు.

పచ్చసొన ముందు, తెల్లసొన ఏడాది తర్వాత అన్న పాత పద్ధతి ఇప్పుడు అవసరం లేదు. అలర్జీ ఎక్కువగా తెచ్చేది తెల్లసొనే నిజం, కానీ దాన్ని దాచిపెడితే ఒరిగేది లేదు. ముఖ్యమైంది ఉడకడం. పన్నెండు నిమిషాలు మరిగే నీళ్లలో ఉడికించి, తెలుపు, పసుపు రెండూ కలిపి మెత్తగా మెదిపి, తల్లిపాలతోనో వేడినీళ్లతోనో పల్చన చేయండి. మొదటి రోజు బఠాణీ గింజంత, రెండో రోజు ఒక చెంచా, మూడో రోజు రెండు చెంచాలు. ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు. హాఫ్ బాయిల్, పచ్చి గుడ్డు పాలలో గిలకొట్టి ఇవ్వడం వద్దు. సరిగ్గా ఉడకని గుడ్డు అలర్జీనీ ఎక్కువ రేపుతుంది, సూక్ష్మజీవుల భయమూ ఉంది.

గుడ్డు పడని బిడ్డకు తొమ్మిదో నెల మీజిల్స్-రుబెల్లా టీకా వేయించొచ్చా అని చాలామంది ఆగిపోతారు. వేయించొచ్చు. గుడ్డు అలర్జీ ఆ టీకాకు అడ్డం కాదు. టీకాలు వేసే చోట ఆ సంగతి చెబితే చాలు.

పాలు, పెరుగు

డబ్బా పాలు తాగుతున్న బిడ్డకు ఈ పరీక్ష ఎప్పుడో అయిపోయింది. అవి ఆవుపాలతో చేసినవే. తల్లిపాలు మాత్రమే తాగిన బిడ్డకు ఇంట్లో తోడేసిన తియ్యటి పెరుగు ఒక చెంచాతో మొదలుపెట్టండి. పాలు గ్లాసుతో తాగించడం ఏడాది నిండాకే.

పెరుగు తిన్నాక దద్దుర్లు వచ్చినా, మలంలో నెత్తురు జీరలు కనిపించినా మన దగ్గర వెంటనే చెప్పే చిట్కా "గేదెపాలకు మార్చండి", లేదంటే "మేకపాలు పట్టండి". పనిచేయదు. ఆవు, గేదె, మేక పాలలోని ప్రొటీన్లు ఒకదానికొకటి దగ్గరి పోలిక. ఆవుపాలు పడని బిడ్డకు తక్కిన రెండూ పడకపోవడమే ఎక్కువ. నెయ్యిలో కూడా పాల ప్రొటీన్ కొద్దిగా మిగిలి ఉంటుంది కాబట్టి పాల అలర్జీ ఖాయమైన బిడ్డకు డాక్టర్‌ను అడక్కుండా నెయ్యి వేయకండి.

రవ్వల గందరగోళం

"మేం గోధుమ పెట్టడం లేదు, ఉప్మానే పెడుతున్నాం" అనే తల్లులు ఉన్నారు. బొంబాయి రవ్వ గోధుమే. సేమియా చాలావరకు గోధుమే. మైదా, గోధుమరవ్వ, మ్యారీ బిస్కట్, ఉస్మానియా బిస్కట్ అన్నీ గోధుమే. ఇడ్లీ రవ్వ, బియ్యం రవ్వ, అటుకులు, మరమరాలు మాత్రం బియ్యం. కొట్లో దొరికే ఇంగువ పొడిలో కూడా చాలాసార్లు గోధుమపిండో మైదానో కలుస్తుంది. డబ్బా వెనక చూడండి.

గోధుమను విడిగా చూడాలంటే బొంబాయి రవ్వను పొడిగా వేయించి, తాలింపు లేకుండా నీళ్లలో మెత్తగా జావలా ఉడికించండి. చెంచాతో మొదలు, మూడు రోజులు. పడితే వారానికి రెండు మూడుసార్లు. చాయ్‌లో ముంచిన బిస్కట్ ముక్క గోధుమ పరీక్ష కాదు. అందులో పాలు, పంచదార, ఉప్పు అన్నీ ఉన్నాయి, చాయ్ అదనం.

ఇడ్లీ ఏడో నెల నుంచి చక్కటి టిఫిన్. పెసరపప్పు పడ్డాక మినప్పప్పు పడకపోవడం అరుదే, అయినా మొదటిరోజు ఒక చిన్న ముక్కతో ఆపండి. ఉప్పు వేయకముందే బిడ్డకు సరిపడా పిండి విడిగా తీసి పెట్టుకోండి. ఎండాకాలంలో మన ఊళ్లో పిండి మధ్యాహ్నానికే పులిసిపోతుంది. పులిసిన ఇడ్లీ తిని మూతి చుట్టూ ఎర్రబడితే అలర్జీ అనుకోనక్కర్లేదు. టమాటా, చింతపండు, నిమ్మ తగిలినచోట కూడా అలాగే ఎర్రబడి అరగంటలో తగ్గిపోతుంది. తినిపించే ముందు మూతి చుట్టూ కాస్త వాజలిన్ రాస్తే అదీ ఉండదు. బయట టిఫిన్ సెంటర్ ఇడ్లీ మాత్రం ఇప్పుడే వద్దు. ఒకే గరిట చట్నీలోనూ సాంబారులోనూ తిరుగుతుంది.

ఇక మిగిలినవి

నువ్వులు (వేయించి, మెత్తటి పొడి), జీడిపప్పు, బాదం ఒక్కోటి పల్లీ పద్ధతిలోనే, మూడేసి రోజులు. జీడిపప్పు పడనివాళ్లకు పిస్తా కూడా పడకపోవచ్చు, రెండూ దగ్గరి చుట్టాలు. తినేవాళ్లు చేపను ముల్లు ఏరి మధ్యాహ్నం అన్నంలో పెట్టుకోవచ్చు, టిఫిన్‌లో ఎలాగూ దానికి చోటు లేదు. శనగపప్పు, శనగపిండి కూడా విడిగా ఒకసారి చూసుకోండి, మన వంటలో అది లేని చోటు లేదు.

తొమ్మిదో నెల వచ్చేసరికి ఇవన్నీ ఒక చుట్టు పూర్తవుతాయి. అప్పటికి జావలు తగ్గించి, చేత్తో మెదిపిన ముద్దలకు రావాలి. అలర్జీ భయంతో అన్నీ మిక్సీలో వేసి పట్టిస్తూ పోతే నమలడం రాదు, అది ఇంకో తలనొప్పి.

తేడా వస్తే

రెండు మూడు దద్దుర్లు, మూతి చుట్టూ కొంచెం వాపు, ఒక వాంతి, బిడ్డ మాత్రం ఆడుకుంటోంది: తినిపించడం ఆపండి, మూతి, చేతులు కడగండి, ఫోన్‌తో ఫొటో తీయండి, డాక్టర్‌కు ఫోన్ చేయండి. తిన్న టైము, దద్దురు వచ్చిన టైము రాసి పెట్టుకోండి. డాక్టర్ మొదట అడిగేది అదే. మళ్లీ ఆ తిండి ఆయన చెప్పేదాకా పెట్టొద్దు.

ఆగకుండా వాంతులు, ఏడుపు బొంగురుపోవడం, ఊపిరిలో పిల్లికూత, నాలుక వాపు, పాలిపోయి చేతుల్లో వాలిపోవడం, ఉన్నట్టుండి మత్తుగా అయిపోవడం: ఇది అనాఫిలాక్సిస్, అంటే ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ కావచ్చు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆస్పత్రికి పరుగెత్తండి. ప్రభుత్వ పిల్లల ఆస్పత్రి అంటే నిలోఫర్ గుర్తొస్తుంది, కానీ మియాపూర్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఉండి ట్రాఫిక్‌లో లక్డీకాపూల్ దాకా పోవద్దు. దగ్గరిదే ముందు. ప్రాణం కాపాడే మందు తొడ కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. ఇంట్లో ఉన్న అలర్జీ సిరప్ దురద తగ్గిస్తుంది, ఊపిరిని కాపాడలేదు. సిరప్ పట్టి చూద్దామని ఆగొద్దు. బిడ్డను భుజాన నిటారుగా వేసుకోకుండా చేతుల్లో పడుకోబెట్టుకోండి. ఊపిరి అందక ఆయాసపడుతుంటేనే కొంచెం తల ఎత్తి పట్టుకోండి.

ఇంకో రకం ఉంది, చాలామందికి తెలియదు. తిన్న ఒకటి నుంచి నాలుగు గంటలకు వాంతుల మీద వాంతులు, బిడ్డ తెల్లబడి వేలాడిపోవడం, ఒక్క దద్దురు కూడా ఉండదు. ఇది పేగులకు సంబంధించిన అలర్జీ. పాలతో వస్తుంది, ఓట్స్‌తో వస్తుంది, అందరూ నమ్మే బియ్యంతోనూ వస్తుంది. అజీర్తి అనుకుని రెండోసారి అదే పెడితే మళ్లీ అదే జరుగుతుంది. అప్పుడూ ఆస్పత్రికే వెళ్లాలి.

టెస్టుల మోజు

నెత్తురు తీసి వంద రకాల తిండ్లకు ఒకేసారి అలర్జీ చెబుతామనే ప్యాకేజీల జోలికి పోకండి. నెత్తుటి పరీక్షలోనో చర్మ పరీక్షలోనో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. హాయిగా తింటున్న పిల్లల్లోనూ వస్తుంది. ఐజీజీ (నెత్తురులో ఉండే ఒక రకం యాంటీబాడీ) పేరుతో చేసే తిండి పరీక్షలైతే అలర్జీ తేల్చడానికి ఎందుకూ కొరగావు. ఆ కాగితం పట్టుకుని బియ్యం, గోధుమ, పాలు, పప్పు అన్నీ మాన్పిస్తే బిడ్డ బరువు తగ్గుతుంది. జరిగినదాన్ని బట్టి డాక్టర్ అనుమానించిన ఒకటి రెండు తిండ్లకే పరీక్ష.

ప్యాకెట్ మీద ఏం చూడాలి

దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, పల్లీ, గింజపప్పులు, సోయా ఉంటే ప్యాకెట్ మీద అలర్జీ హెచ్చరికగా విడిగా రాయాలి. నువ్వులు ఆ జాబితాలో లేవు. కాబట్టి నువ్వులు పడని బిడ్డ ఉంటే హెచ్చరిక చదివి ఊరుకోకుండా మొత్తం పదార్థాల జాబితా చదవాలి. రెండేళ్లలోపు పిల్లల తిండికి ప్రకటనలు ఇవ్వడం, ఉచిత శాంపిల్స్ పంచడం మన దేశంలో చట్టం ఒప్పుకోదు. ఎవరైనా ఉచితంగా డబ్బా చేతిలో పెడితే ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఇంట్లో వాళ్లతో

ఇంత పద్ధతిగా చేస్తున్నా, మీరు ఆఫీసుకు వెళ్లిన పూట నానమ్మ ముద్దు కొద్దీ ఒక ముక్క నోట్లో పెడుతుంది. కసిరితే పని కాదు. పెట్టే పని ఆమెకే అప్పగించండి. "అత్తమ్మా, ఈ మూడు రోజులు గుడ్డు ఒక్కటే చూద్దామన్నారు డాక్టర్. మీరే పెట్టండి, టైము మీరే చూడండి. రవ్వ జావ గురువారం మొదలుపెడదాం" అంటే, "మా పిల్లలకు ఇవన్నీ చూశామా ఏంటి" అని ఒక మాట అని, మర్నాటి నుంచి గడియారం ముందు కూర్చునేది ఆవిడే. వస కొమ్ము, జాజికాయ అరగదీసి నాకించే అలవాటుంటే ఆ రోజుల్లో ఆపమనండి.

ఫ్రిజ్ మీద ఒక కాగితం అతికించండి. తేదీ, కొత్త తిండి, ఎంత, ఎన్ని గంటలకు, ఏమైనా కనిపించిందా. కింద రెండు వరుసలు విడిగా ఉంచండి: పడినవి, ఇంకా చూడాల్సినవి. పడనిది తేలితే ఎర్ర పెన్నుతో పైన రాయండి. క్రెష్‌లో వేసేటప్పుడు ఆ కాగితం జిరాక్స్ తీసి ఇవ్వండి. పడని తిండి పేరుతో పాటు అది ఏ టిఫిన్లలో దాక్కుంటుందో కూడా రాయండి. గోధుమ అయితే ఉప్మా, సేమియా, బిస్కట్. పల్లీ అయితే చట్నీ, చిక్కీ, పులిహోర. డాక్టర్ నంబరు, దగ్గరి ఎమర్జెన్సీ ఆస్పత్రి పేరు అదే కాగితం మీద ఉండాలి. ఆరు నెలలకోసారి డాక్టర్‌కు చూపించి ఎర్ర పెన్ను జాబితా మళ్లీ అడగండి. పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ తగ్గిపోతాయి. మళ్లీ మొదలుపెట్టేది మాత్రం ఆయన చెప్పిన చోట, ఆయన చెప్పిన పద్ధతిలోనే.